అమీరు గారి మూడు శుక్రవారాలు

"మేము సింహాసనం దిగలేదు. ప్రజలకు మరింత చేరువయ్యేందుకు కాలినడకన పర్యటనకు బయల్దేరాం," అని అమీర్ ఘాలిబ్ ఇబ్న్ సుర్హాన్ గారు ప్రకటించారు. ఆ ప్రకటన వినే భాగ్యం నాకూ, నా రెండు గాడిదలకూ దక్కింది. ప్రభువుల వారు అప్పుడు ఒక గాడిద మీద, జొన్నల గంపలో ఉన్నారు. తల మాత్రం బయటికి కనిపిస్తోంది.

ఆ ఉదయమే ఆయన బావమరిది జుహైర్ సింహాసనం ఎక్కి, బావగారి తలకు బహుమానం ప్రకటించాడు. అమీరు గారు కోటగోడ దూకి సరిగ్గా నా గాడిద పక్కన పడ్డారు. "ఒరే, నీ పేరేంట్రా? హుమైదా? నిన్ను మహామంత్రిగా నియమించాం. గంప ఖాళీ చెయ్యి," అన్నారు. యెమెన్‌లో ఇంత త్వరగా ప్రమోషన్ కొట్టిన గాడిదలవాడు మరొకడు లేడు. నాకు అంతకుముందు ఆరు ఒంటెలుండేవి. దేశ రక్షణ నిమిత్తం వాటిని స్వీకరించి, త్యాగం చేసే అవకాశం నాకు కల్పించింది కూడా ఈ మహానుభావుడే.

దారిలో ఆయన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. పదకొండేళ్ళ పాలనలో ప్రజలకు తెలిసింది ఆయన పల్లకీ తెర ఒక్కటే.

మూడోరోజు కొండల్లో షేక్ నాజీ దగ్గరకు చేరాం. ఆ ముసలాయన చేతిలో మూడు వందల గుర్రాలున్నాయి.

"గుర్రాలిస్తానయ్యా. కానీ నువ్వింకా పాలకుడివేనని నమ్మకమేంటి?" అన్నాడు షేక్. "మాకు తెలిసిన గుర్తు ఒకటే. శుక్రవారం మసీదులో ప్రసంగం చివర ఎవరి పేరు వినపడితే వాడే పాలకుడు. మూడు శుక్రవారాలు గడువు. ఎంత కుగ్రామమైనా సరే, నీ పేరు ఒక్కసారి వినపడాలి."

"వినపడకపోతే?"

"నిన్ను కట్టేసి నీ బావమరిది దగ్గరకు పంపిస్తా. మర్యాదగానే కడతాంలే, కంగారుపడకు."

సాక్షిగా ముర్షిద్ అనే మనిషిని మా వెంట పంపాడు. చేతిలో తాడు చుట్ట, నోట్లో మాట పొదుపు.

మొదటి శుక్రవారం మహ్జర్‌లో. ప్రసంగం చివర ఇమాం, "ధర్మస్తంభం, శత్రుభయంకరుడు, పేదల పాలిటి నీడ..." అనగానే అమీరు గారు నా మోకాలు గట్టిగా పట్టుకున్నారు. "...జుహైర్ గారిని దేవుడు చల్లగా చూచుగాక," అని ముగించాడు ఇమాం.

బయటకొచ్చాక వెళ్ళి అడిగాను. "అయ్యా, ఆ బిరుదులు పాతాయనవి కదండీ?"

"బిరుదులు అవేనబ్బాయ్. పేరొక్కటే మార్చాం. మొత్తం మార్చమంటే మళ్ళీ కంఠస్థం ఎవడు పడతాడు?"

అమీరు గారు చాలా సంతోషించారు. "చూశావా హుమైదూ, వాడు కూర్చున్నా నడిచేది మన పాలసీలే," అన్నారు.

రెండో శుక్రవారం దారబ్‌లో. అక్కడి ఇమాం ముందుచూపు గల మనిషి. "మన పాలకుడైన..." అని, సరిగ్గా పేరు రావలసిన చోట దగ్గాడు. పొడి దగ్గు, నిండుగా మూడు దగ్గులు. తర్వాత "...గారిని దేవుడు చల్లగా చూచుగాక" అన్నాడు. జనం ఆమీన్ అన్నారు.

"అది నా పేరే! ఘాలిబ్ అని స్పష్టంగా దగ్గాడు!" అన్నారు అమీరు గారు.

"దగ్గు చెల్లదు," అన్నాడు ముర్షిద్. ఆ వారంలో అతను మాట్లాడింది అదొక్కటే.

ఇక మూడో శుక్రవారం మిగిలింది. దేశం చివర కహ్లాన్ అనే ఊరు, ముప్ఫై ఇళ్ళు. తాడు వంక చూడకుండా ఉండడానికి అమీరు గారు ఆకాశం వంక చూస్తూ నడిచి, రెండుసార్లు గుంటలో పడ్డారు. నిజం చెప్పొద్దూ, నాకూ జాలేసింది.

ఇమాం సాలిమ్ బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. అమీరు గారు ఆగలేక ఆయనే అడిగేశారు. "తాతా, ఈరోజు ఘాలిబ్ ఇబ్న్ సుర్హాన్ గారి పేరు చదువుతారా?"

"చదవకేం నాయనా! రాజధాని నుంచి ఆజ్ఞే వచ్చింది. ప్రతి ఊళ్ళోనూ చదవాల్సిందేనట."

అమీరు గారు నన్ను కౌగిలించుకున్నారు. "బావమరిదికి బుద్ధొచ్చిందిరా! రక్తసంబంధం కాకపోయినా, ఎంతైనా చుట్టరికం చుట్టరికమే." అప్పటికప్పుడు ఆయన మూడు వందల గుర్రాలకు ముగ్గురు సేనానులను నియమించారు. ముగ్గురినీ నా వంశంలోంచే తీసుకున్నారు.

ప్రసంగం అయింది. ఇమాం లేచి, బిరుదులన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా చదివి, "...ఘాలిబ్ ఇబ్న్ సుర్హాన్ గారు పారిపోతూ లోయలో పడి కాలం చేశారని కొత్త ప్రభువుల వారు దుఃఖంతో తెలియజేశారు. శవం లేకపోయినా దూరం నుంచే జనాజా నమాజు చేద్దాం, లేవండి," అన్నాడు.

అందరం లేచాం. అమీరు గారు కూడా తన అంత్య ప్రార్థనకు మొదటి వరుసలో నిలబడ్డారు. లేవకపోతే ఎందుకు లేవలేదని అడుగుతారు కదా. ప్రార్థన అయ్యేసరికి ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. అవి దొంగ కన్నీళ్ళు మాత్రం కావు.

"ముర్షిదూ, పేరు వినపడింది కదయ్యా?" అని చెవిలో అడిగారు.

ముర్షిద్ తాడు చుట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "వినపడిందిలే గానీ, చచ్చినోడి పేరు," అన్నాడు. ఇంతలో ఇమాం జనం వైపు తిరిగాడు.

"మన ఆనవాయితీ ప్రకారం ఇద్దరు సాక్ష్యం చెప్పాలి. పోయినాయన మంచివాడని ఎవరంటారు?"

ఎవరూ అనలేదు. ఒక ముసలాయన నోరు తెరిచాడు గానీ, ఆవలింతకని తేలింది. ఒకడు పైకప్పు దూలాలు పరిశీలించాడు.

ముర్షిద్ మా వైపు వంగాడు. "సరే, ఒక మాట. ఈ ఇద్దరూ దొరికితే షేక్ గారికి చెప్పి గుర్రాలిప్పిస్తా. దేశం మొత్తం మీద ఇద్దరు చాలు."

వెంటనే మొదటి వరుసలోంచి, తలపాగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరో గొంతు మార్చి, "చాలా మంచివాడండీ!" అన్నారు.

"ఒకరయ్యారు," అన్నాడు ఇమాం. "రెండో వారు?"

అమీరు గారు నా వైపు తిరిగారు. ముర్షిద్ నా వైపు తిరిగాడు. ఇమాం సాలిమ్ కూడా, ఎందుకో, నా వైపే చూశాడు. మహామంత్రిగా నా జీవితంలో అంతటి గౌరవం మళ్ళీ దక్కదని నాకు తెలుసు.

గాడిదలు అప్పటికి నీళ్ళు తాగి గంట కూడా కాలేదు. అయినా ఎండాకాలం కదా, మూగజీవాలు నోరు తెరిచి అడగలేవని, మెల్లగా లేచి, చెప్పులు వేసుకుని బావి దగ్గరకు వెళ్ళాను.