పద్నాలుగో నంబరు పేపరు

ఆ ఉదయం మల్లికార్జునరావు పెట్టుకున్న పనులు రెండే. పది టైపు మిషన్లకూ నూనె వెయ్యడం, తన సుభాషిణి టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి బ్లాగు ఎక్కడ పెడితే గూగుల్లో పైన కనిపిస్తుందో తేల్చెయ్యడం. మొదటిది అరగంటలో అయిపోయింది. రెండోదానికి పదిహేను రోజులు పట్టింది, చివరికి పోలీసును కూడా మెట్లెక్కించింది.

ఆయనది గుంటూరు వైపు. ముప్పై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో, లచ్చయ్య జిరాక్స్ షాపు పైన రెండో అంతస్తులో టైపు నేర్పుతున్నాడు. ఒకప్పుడు పొద్దున్నుంచి రాత్రి దాకా బ్యాచీలు నడిచేవి. ఇప్పుడు మిగిలింది ముగ్గురు: సంతోషి, గీత, మహేష్. నెలాఖరుకి కనీసం పదిమంది లేకపోతే మిషన్లు పాత ఇనుముకి వేసేసి ఎల్బీ నగర్‌లో ఇంటిపట్టున కూర్చోమని భార్య విజయదుర్గ గడువు పెట్టింది. ఆవిడ చెప్పింది న్యాయమే. అందుకే ఆయనకి మరీ భయం వేసింది.

బ్లాగు సలహా సంతోషిది. నకిరేకల్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతున్న అమ్మాయి.

"బోర్డు చూసి ఇప్పుడెవ్వరొస్తలేరు సార్. ఫోన్ల ఎతికితే దొరకాలె."

మల్లికార్జునరావుకి ఏదైనా కొత్త సంగతి చెవిన పడిందంటే ఇక నిద్రపట్టదు. ఈ గూగుల్ ఎలా వెతుకుతుంది, ఎవరిని ముందు పెడుతుంది, ఎవరిని వెనక్కి తోస్తుంది అని ఆ అమ్మాయిని గంటసేపు అడిగాడు. బ్లాగర్ అనేది గూగుల్ వాళ్లదేనని తెలియగానే అక్కడే పెడదామన్నాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదన్నది ఆయన లెక్క. గూగుల్‌కి అలాంటి బంధుప్రీతి ఉందని ఎక్కడా రాసి లేదని సంతోషి చెప్పింది. వర్డ్‌ప్రెస్‌లో అయితే సదుపాయాలు ఎక్కువట. సెర్చ్ ఇంజన్లు మా పేజీ వైపు రావద్దని చెప్పడానికి కూడా అందులో ఒక గడి ఉందట.

"బోర్డు కట్టి దానిమీద దుప్పటి కప్పుకునేవాడెవడమ్మా?" అని ఆయన హాయిగా నవ్వాడు.

రిబ్బను కొనాలన్నా మూడు రకాలు కొట్టి చూస్తేగాని కొనని మనిషి. అందుకని బ్లాగర్‌లో ఒకటి, వర్డ్‌ప్రెస్‌లో ఒకటి, ఎవరో చెప్పిన మరో ఉచిత సైటులో ఒకటి, మొత్తం మూడు బ్లాగులు తెరిపించాడు. ముగ్గురు విద్యార్థులకీ తలా ఒకటి అప్పగించాడు. మూడింట్లోనూ ఒకే సరుకు పెడితే ఏది ముందు పైకి తేలుతుందో చూడాలని ఆయన ముచ్చట.

సరుకు దగ్గరే చిక్కొచ్చింది. ఇన్‌స్టిట్యూట్ గొప్పతనం రాయమంటే నాలుగు వాక్యాల్లో అయిపోయింది. రోజూ కొత్తది పెట్టాలని, జనం వెతికే సంగతులు ఉండాలని, ప్రతి పేజీ కింద అడ్రసు తప్పనిసరని సంతోషి అంది. ఆయన బీరువాలోంచి అట్ట ఫైలు తీశాడు. అందులో పరీక్షకి వెళ్లే పిల్లల సాధన కోసం ఆయన స్వయంగా రాసుకున్న పేపర్లు అరవై ఉన్నాయి. ఉత్తరాలు, పట్టికలు, సర్క్యులర్లు. రోజుకి మూడేసి పేపర్లు కంప్యూటర్లో కొట్టి బ్లాగులో పెట్టమన్నాడు. సాధనకి సాధన, సరుకుకి సరుకు.

ఆ ఇన్‌స్టిట్యూట్‌లో రూలు ఒకటే: పేపర్లో ఉన్నది ఉన్నట్టు కొట్టాలి, సొంతంగా కామా కూడా పెట్టకూడదు. ముగ్గురూ అలాగే కొట్టారు. టైపు బాగా వచ్చినవాళ్లకి కళ్లు చూస్తాయి, వేళ్లు కొడతాయి, మధ్యలో బుర్రకి పనుండదు. పద్నాలుగో నంబరు పేపరు ఐదో రోజున మూడు చోట్లా తప్పుల్లేకుండా ఎక్కింది.

పదిహేనో తేదీ పొద్దున ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కిన మల్లికార్జునరావు పక్కన, చేతిలో ఫైలున్న ఒక యువకుడు కూర్చున్నాడు. పేరు నాగార్జున, సూర్యాపేట బస్సు దిగి వస్తున్నాడు. సుభాషిణి టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్ ఎక్కడుంటుందని అడిగాడు. ఎలా తెలిసిందయ్యా అంటే గూగుల్లో చూశానన్నాడు. ఆయన గుండె నిండిపోయింది. దారి చెప్పాడు, ఏ మెట్లు దిగాలో చెప్పాడు. ఇంతలో ఎదుటి సీట్లో ఇద్దరు మాకూ అక్కడికే అన్నారు. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి కూడా అంది. అందరి చేతుల్లోనూ ఫైళ్లున్నాయి. విజయదుర్గకి ఫోను చేసి గడువు సంగతి ఇక మర్చిపొమ్మని చెబుదామనుకుంటుండగా నాగార్జున అడిగాడు.

"నలభై పోస్టులేనా సార్, ఇంకేమన్న పెంచుతరా?"

అతను చూపించిన ఫోనులో పద్నాలుగో నంబరు పేపరు ఉంది. జూనియర్ అసిస్టెంటు ఖాళీలు నలభై. టైపు హయ్యర్ గ్రేడు పాసైనవారు ఈ నెల పదిహేనో తేదీ ఉదయం పది గంటలకు ఒరిజినల్ సర్టిఫికెట్లతో, రెండు సెట్ల జిరాక్సులతో స్వయంగా హాజరు కావలెను. ఏ నెలైనా పనికొస్తుందని నెల పేరు ఆయన ఎప్పుడూ రాసుకోలేదు. కింద ఇన్‌స్టిట్యూట్ అడ్రసు, మెట్రో పిల్లరు నంబరుతో సహా ఉంది.

ఆయన చేరేసరికి వరస మెట్లు దిగి, రోడ్డు మీదికి వచ్చి, మలుపు తిరిగింది. కింద లచ్చయ్య రెండు మిషన్ల మీద జిరాక్సులు తీస్తూ, తల కూడా ఎత్తకుండా అన్నాడు.

"ఏం పెట్టిండ్రో గని మస్తు పెట్టిండ్రు సార్. నెలనెలా పెట్టున్రి."

సంతోషి వర్డ్‌ప్రెస్‌లోని పేపరు వెంటనే తీసేసింది, ఆ దుప్పటి గడి కూడా నొక్కింది. గూగుల్లో పాతది పోవడానికి కొన్నాళ్లు పట్టొచ్చట. బ్లాగర్ తాళం గీతది. ఆమె ఏదో పరీక్ష హాల్లో ఉంది, ఫోను బయట ఉంది. మూడోది మహేష్‌ది, అతను పాస్‌వర్డే మర్చిపోయాడు. కనిపించడానికి పదిహేను రోజులు పడిన పాటు కనిపించకుండా పోవడానికి చాలదని మల్లికార్జునరావుకి అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఏ ఉద్యోగాలూ లేవు అని టైపు కొట్టి తలుపుకి అంటించాడు. అలవాటు కొద్దీ కింద సంతకం చేసి రౌండు సీలు వేశాడు. దాంతో కొంప మునిగింది. సీలు చూసేసరికి ఇది నిజంగా ఆఫీసేనని వెనకాల ఉన్నవాళ్లకి నమ్మకం కుదిరింది. లేవు లేవు అంటున్నారంటే లోపల ఎవరికో ఇచ్చుకుంటున్నారని ముందున్నవాళ్లు తేల్చారు. నాగార్జునకి మాత్రం ఒళ్లు మండింది. బోర్డు, అడ్రసు, మెట్లు, రౌండు సీలు అన్నీ వరసగా చూపిస్తూ "మోసపోకండి" అని వీడియో తీసి పెట్టేశాడు. గంట తిరక్కుండా ఇంకో రెండొందల మంది వచ్చారు. పోటీ తగ్గించుకోవడానికి ఎవడో ఆ వీడియో పెట్టాడని వాళ్ల అనుమానం.

కానిస్టేబుల్ జానయ్య జనాన్ని తోసుకుంటూ పైకొచ్చాడు. మల్లికార్జునరావు అట్ట ఫైలు అతని ముందు పెట్టి, ఇది పిల్లల సాధన కోసం రాసిందని, నేనెవరి దగ్గరా పైసా తీసుకోలేదని చెప్పాడు. ముప్పై ఏళ్లు నేర్పినవాణ్ణి, చివరికి మోసగాడన్న పేరుతో తలుపు మూసుకోవాలా అని ఆయనకి ఏడుపొచ్చింది. జానయ్య పద్నాలుగో పేపరు మొదటినుంచి చివరిదాకా నింపాదిగా చదివాడు. మెట్ల మీద నిలబడి వరసవైపు తిరిగాడు.

"టైపు హయ్యర్ పాసైనోళ్లు చెయ్యి లేపున్రి."

ఒక్క చెయ్యీ లేవలేదు. మూడొందల ఫైళ్లలో డిగ్రీలున్నాయి, పీజీలున్నాయి, కంప్యూటరు కోర్సులున్నాయి. అది మాత్రం లేదు.

"మరెందుకొచ్చిండ్రు?"

జనం సగం పల్చబడింది. మిగిలిన సగంలోంచి, మెట్రోలో తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి మెల్లగా ముందుకొచ్చింది. చౌటుప్పల్ అమ్మాయి.

"నేర్చుకోవాలంటే ఎన్నిరోజులు పడ్తది సార్?"

ముందు లోయర్ గ్రేడుకి ఆరునెలలని మల్లికార్జునరావు చెప్పాడు. ఆ అమ్మాయి మిషను ముందు కూర్చుని ఒక మీట నొక్కి చూసింది. వెనక ఇంకొకరు వచ్చి కూర్చున్నారు. సాయంత్రానికి రిజిస్టరులో ముప్పై ఒక్క పేర్లు చేరాయి. అందులో ఒకటి జానయ్య రాయించి వెళ్లిన తన చెల్లెలి పేరు.

తాళం వేసేముందు ఏ బ్లాగు గెలిచిందో చూడాలని ఆయనకి మళ్లీ ముచ్చట పుట్టింది. మీకెలా తెలిసింది అన్న గడి చూడమన్నాడు. సంతోషి రిజిస్టరు చదివింది. బ్లాగర్ చూసి వచ్చినవాళ్లు ఏడుగురు, వర్డ్‌ప్రెస్ ఐదుగురు, మూడోది ఇద్దరు. తక్కిన పదిహేడుగురూ "మోసపోకండి" వీడియో చూసి వచ్చామని రాశారు.

మర్నాడు మల్లికార్జునరావు నాగార్జునకి ఫోను చేసి, హయ్యర్ పాసయ్యేదాకా ఫీజు లేకుండా నేర్పుతానన్నాడు. షరతు ఒక్కటే, ఆ వీడియో తీసెయ్యకూడదు.