ముందు వరుసలో రెండు కొవ్వొత్తులు

ఆ ఉదయం ఐలీ పథకం చాలా చిన్నది. ఏడింటి బస్సుకి కువోపియోలో జరిగే యూనివర్సిటీ సభకి వెళ్ళాలి, తమ డబ్బుతో చదువుకోబోయే పిల్ల మొహం ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. యాభై ఏళ్ళ కిందట అదే యూనివర్సిటీలో ఆమెకి లెక్కల్లో సీటొచ్చింది. ఇంట్లో వద్దన్నారని చెప్పి వెన్న తీసే ఫ్యాక్టరీలో పనికి చేరింది. ఆ వెలితి ఇన్నేళ్ళూ ఆమెని వదల్లేదు.

ఆమె భర్త వెయ్కో నలభై ఏళ్ళు ఇళ్ళల్లో నీళ్ళ పైపులు బాగుచేసినవాడు. ఎవరైనా మెచ్చుకోబోతే పనిముట్లు సర్దుకుని పారిపోయే రకం. అతని తండ్రి ఇచ్చిన అడవి అమ్మి స్కాలర్‌షిప్పులకి ఇద్దామని ఐలీ అంటే మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. అపార్ట్‌మెంట్లో చీమకైనా తెలియకూడదని మాత్రం ఆమె చేత మాట తీసుకున్నాడు. తీరా నిధికి ఏదో ఒక పేరుండాలని యూనివర్సిటీవాళ్ళు అడిగేసరికి, ఐలీ అతనికి చెప్పకుండా ఇద్దరి పేర్లూ రాసిచ్చింది.

కొంప మునిగింది అక్కడే. బతికుండగా నిధికి సొంత పేరు పెట్టుకోవడమంటే వాళ్ళ ఊళ్ళో డప్పు కొట్టుకోవడం కింద లెక్క. ఆ గౌరవం పోయినవాళ్ళకే. కింద ఇంట్లో ఉండే హిల్కా, అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షురాలు, కాఫీ తాగుతూ పేపర్లో ఆ పేర్లు చూసింది. పైకెళ్ళి బెల్లు కొడితే ఎవరూ పలకలేదు. తలుపు సందులో పేపరు వేసింది వేసినట్టే ఉంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, అపార్ట్‌మెంట్లో ఎవరైనా పోతే చేసే పద్ధతి ప్రకారం ఆవరణలో జెండాని సగానికి దించింది. దిగిన జెండాని అనుమానించే మనిషి అక్కడ లేడు. ఎదురింటాయన గుమ్మం ముందు పూలు పెట్టాడు. ఆ పూలు చూసి పై ఇంటావిడ పాస్టరుకి కబురు చేసింది. పాస్టరే నమ్మాక హిల్కాకి ధైర్యం వచ్చి, సభ కాస్త హుందాగా జరిపించమని యూనివర్సిటీకి ఫోన్ చేసింది. ఇదంతా ఐలీకి తర్వాత తెలిసిన సంగతి.

హాల్లో ముందు వరుసలో రెండు ఖాళీ కుర్చీలు, వాటి ముందు రెండు కొవ్వొత్తులు. అక్కడ కూర్చోకూడదని ఎవరో అనగానే, అదే చాలన్నట్టు వెయ్కో భార్యని చిట్టచివరి వరుసకి లాక్కుపోయాడు. కాసేపటికి దాతలిద్దరికీ నివాళిగా అందరూ లేచి మౌనం పాటించారు. వెయ్కో కూడా బుద్ధిగా లేచి తలవంచాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు గుసగుసగా.

"మనమేనట."

వెయ్కో ఆ నిమిషమంతా ఆలోచించాడు. "మంచిదే. ఇంక మనల్ని ఎవరూ పైకి పిలవరు" అని కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

ఐలీకి నవ్వు రాలేదు. అంత దూరం నుంచి ఆ పిల్ల మొహం మసగ్గా ఉంది. లేచి చెబుదామంటే భర్తకిచ్చిన మాట ఒకసారి తప్పింది, రెండోసారి ఎలా తప్పుతుంది?

పిల్ల పేరు వీవి. కాగితం పట్టుకుని వేదిక మీద మైకు ముందుకొచ్చింది. "మా ఇంట్లో ఇంతదాకా చదువుకి వచ్చింది నేనొక్కదాన్నే. నాకు చాలా భయంగా ఉంది. ఈ డబ్బిచ్చిన ఆవిడకీ ఒకప్పుడు ఇక్కడ సీటొచ్చిందని నిధి కాగితాల్లో చదివి, ఆవిడకప్పుడు ఎలా ఉందో అడగాలనుకున్నాను. ఇప్పుడింక ఎవర్నడగను?"

వెయ్కో పక్కకి చూశాడు. భార్య చేతిసంచీలో మొహం దాచుకుని ఏడుస్తోంది. జన్మలో పదిమంది ముందు నోరు విప్పని ఆ మనిషి లేచి నిలబడ్డాడు.

"ఈవిడే. అడుగమ్మా" అన్నాడు.

హాలంతా వెనక్కి తిరిగింది. ఐలీ కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది. "ఇంట్లో వద్దన్నారని అందరికీ చెప్పుకున్నాను తల్లీ. ఎవరూ వద్దనలేదు. భయపడి నేనే రాలేదు. నువ్వు భయపడుతూనే వచ్చావు."

వీవి మెట్లు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఐలీ ఆ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసుకుంది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. తర్వాత ఉపన్యాసాలు, ఫొటోలు, వెయ్కో చేతిని వదలని పెద్దమనుషులు.

తిరుగు బస్సులో అతను నలిగిన చెయ్యి రుద్దుకున్నాడు.

"పోయినవాళ్ళుగా ఉన్నంతసేపే ప్రాణానికి హాయిగా ఉంది" అన్నాడు.