అమ్మిరాజు రాయి, సేఠ్ గారి తాళం

మగవాడన్నాక మూత్రనాళంలో ఒక రాయైనా ఉండాలి! నవ్వకండి. రాయి లేని మగాణ్ణి ఇంట్లో ఎవరు పట్టించుకుంటారు?

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉండే అమ్మిరాజునే చూడండి. రోజూ లోకల్ బండెక్కి తిల్దా వెళ్లి, ఒక రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర చెమటోడుస్తాడు. ఇన్నేళ్ల కాపురంలో భార్య కోటమ్మ "ఏటి తింటావు?" అని అడిగిన పాపాన పోలేదు. రాయి నడుములో మెలితిప్పి నేల మీద దొర్లించిన రోజు నుంచి చూడాలి వైభోగం! పొద్దున్నే ఉలవకట్టు, మధ్యాహ్నం అరటిదూట రసం. పక్కింటి పూర్ణిమ ఏదో ఆకు నూరి పంపింది. బావమరిది మోహనకృష్ణ బీరైతే రాయిని తోసేస్తుందని తెచ్చి, సగం తనే తాగాడు. ఏ కొత్తల్లుడికి జరిగింది ఇంత మర్యాద?

అయితే ఇంతటి వరం ఊరికే రాదు, తపస్సు చేయాలి. మిల్లులో సేఠ్ టాయిలెట్ కట్టించాడు, రిబ్బన్ కత్తిరించాడు, పాడైపోతుందని తాళం వేశాడు. ఇక వెనక గోడే గతి కదా? దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా దేవుళ్ల టైల్స్ అతికించాడు! మిగతావాళ్లు దేవుడికీ దేవుడికీ మధ్య సందు వెతుక్కున్నారు. అమ్మిరాజు అలవాటుగా నిలబడే చోట సాక్షాత్తూ బాలాజీ! లెంపలేసుకుని వెనక్కి వచ్చేశాడు. ఆ రోజు నుంచి డ్యూటీలో చుక్క నీరు ముట్టలేదు. ఏకాదశి ఉపవాసాలు చేసేవాళ్లకైనా ఉందా ఆ నిష్ఠ?

చివరికి వరం ముదిరింది. రాయి నాళంలో అడ్డంపడి కిడ్నీ వాచింది, చీము పట్టింది, చలిజ్వరంతో మనిషి వణికిపోయాడు. డాక్టరు గొట్టం వేసి, జ్వరం తగ్గాక రాయి తీసి, ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీయే పోయేదన్నాడు.

కోటమ్మ మంచం పట్టుకుని ఏడ్చింది. "నీళ్లు తాగమంటే ఇన్నావు కాదు! నీకేటైనా అయితే నానేటైపోవాల?"

సంగతి విని సేఠ్ కరిగిపోయాడు. "ఖూబ్ పానీ పియో, రాజూ" అని, కడుపారా నీళ్లు తాగమంటూ, మిల్లుకు చల్లటి నీళ్ల కూలర్ తెప్పించాడు. టాయిలెట్ పక్కనే పెట్టించి, మళ్లీ రిబ్బన్ కట్టించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తొలి గ్లాసు అమ్మిరాజు చేతికిచ్చి, ఫోటోకి నవ్వమన్నాడు.

అమ్మిరాజు గ్లాసు వైపు చూశాడు. పక్కనున్న తాళం వైపు చూశాడు. గ్లాసు తిరిగి సేఠ్ చేతిలోనే పెట్టి, తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

"పానీ బాద్ మే, సేఠ్‌జీ. పహలే చాబీ దీజియే."