నాలుగు ఆక్టోపస్‌ల సిరా

ఆ సోమవారం ఉదయం సెఫినా పెట్టుకున్న పని ఒక్కటే. మొగుడు లఫాయెలేతో టారో దుంపల తోటకి వెళ్లి, కలుపు తీస్తున్నట్టు నటిస్తూ కబుర్లు చెప్పుకోవాలి. పెళ్లయి పదహారు రోజులు. నిన్న చర్చి నుంచి వచ్చాక, ఆమె కొబ్బరిపాలలో వండిన ఆక్టోపస్‌ని అతను ఇంకెవరికీ మిగల్చకుండా తిని, గిన్నె వేలితో తుడిచి నాకాడు. ఆ సంతోషం ఆమెకింకా దిగలేదు.

అంతలో లఫాయెలే మరుగుదొడ్డిలోంచి పాలిపోయిన మొహంతో వచ్చాడు.

"సెఫినా, నల్లగా పడిందే. అచ్చం కాటుకే. మా పెదనాన్నకీ పోయేముందు ఇలాగే అయింది."

ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. సెఫినా అత్తగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్తగారు పాస్టరుగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు, అదీ ప్రార్థన కోసమే. సమోవాలోని ఆ ఊళ్లో ఇళ్లకే గోడలు లేవు, ఇక మాటకెక్కడివి?

తొమ్మిదికల్లా చర్చి పాటగాళ్లు వచ్చి, పడుకోబెట్టిన లఫాయెలే చుట్టూ కూర్చుని, చావు పాటలు మెల్లగా సాధన చేయసాగారు. పదింటికి పక్క ఊరి నుంచి అతని మేనత్త, అంత్యక్రియల్లో కానుకగా ఇవ్వడానికి దాచిన సన్నల్లిక చాపతో, బతికున్న పందితో బస్సు దిగింది. ఇంకా పోలేదా అని అడిగి కాస్త నొచ్చుకుంది.

ఆ పంది సైజు చూడగానే సెఫినాకి గుండె జారిపోయింది. పరుగున వెళ్లి నర్సు మటలేనాని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

కడుపునొప్పి ఉందా, కళ్లు తిరుగుతున్నాయా, తారులా జిగటగా పడిందా, ఐరన్ మాత్రలేమైనా వేసుకున్నావా అని నర్సు వరసగా అడిగింది. అన్నిటికీ లఫాయెలే తల అడ్డంగా ఊపాడు.

"నిన్న ఏం తిన్నావు?"

"ఆక్టోపస్. చిన్నప్పట్నుంచీ తింటున్నదేగా."

నర్సు సెఫినా వైపు తిరిగింది. "కూరలో దాని నల్ల సిరా ఎంత పోశావమ్మా?"

"నాలుగింటిది. ఒకదానిది చాలని అత్తయ్య చెప్పారు గానీ, ఈయనకి ఇష్టమని..."

నర్సు కడుపు పట్టుకుని నవ్వింది. "రెండ్రోజుల్లో మామూలైపోతుంది. తగ్గకపోయినా, తారులా పడినా, కళ్లు తిరిగినా మాత్రం ఆసుపత్రికి పరుగెత్తండి. పాటలు తర్వాత పాడుకోవచ్చు."

వచ్చిన పందిని వెనక్కి పంపితే మేనత్తకి అవమానం. దాన్ని కాల్చి నలభై మందికీ వడ్డించారు. వాళ్లందరూ మనిషిని చావు దాకా తీసుకెళ్లిన ఆ కూరే కావాలన్నారు. సెఫినా ఉబ్బితబ్బిబ్బై, ఈసారీ సిరాకి వెనకాడకుండా వండింది. నర్సు రెండు గిన్నెలు తింది.

మర్నాడు తెల్లారగానే మటలేనా పాలిపోయిన మొహంతో వచ్చి, సెఫినాని పక్కకి పిలిచింది.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

సెఫినా ఆమెని కూర్చోబెట్టి, కోకో కప్పు చేతికిచ్చి, నెమ్మదిగా అడిగింది. "నిన్న ఏం తిన్నారు?"

వెనకాల మేనత్త అప్పటికే చాప దులుపుతోంది.