రత్తయ్య గారి రెండో పంచె

భారత వైమానిక దళంలో మా గువ్వలలంక పేరు తెలియని పైలట్ ఒక్కడు కూడా లేడు. కావాలంటే ఎవర్నైనా ఆపి అడగండి. ఆకాశంలో ఆపడం కష్టమనుకుంటే కిందికి దిగినప్పుడే అడగండి.

ఈ సంగతి లోకానికి మొదట వెల్లడించినవారు శ్రీ కిరీటి గారు. ఆయన లంకగ్రామాల సర్వతోముఖ వికాస సంస్థకి చైర్మన్. లంకల్ని వికసింపజెయ్యాలంటే కొంచెం దూరం నుంచి చూడాలి కాబట్టి పటమటలో ఉంటారు. ఒకరోజు గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మీటింగ్ హాల్లో ప్రెస్‌మీట్ పెట్టి ఆయన ఇలా సెలవిచ్చారు:

"పెద్ద వరదొచ్చిన ఏడాది విమానంలోంచి అటుకులూ బెల్లం వేసి మా లంకని బతికించిన రవాణా స్క్వాడ్రన్ ఇప్పుడు తన చరిత్ర పుస్తకం వేసుకుంటోంది. ఆ రోజు దిబ్బ మీద నిలబడి, పంచె ఊపి, ఆ విమానాన్ని పిలిచినవారు మా నాన్న రత్తయ్య గారు. స్క్వాడ్రన్ చరిత్రలో మా నాన్న ఒక చాప్టర్ కాదండీ. మా నాన్న చరిత్రలో స్క్వాడ్రన్ ఒక చాప్టర్!"

విలేకరులు చప్పట్లు కొట్టారు. టిఫిన్ బావుంది.

ఆ దిబ్బ మీదే రత్తయ్య గారి విగ్రహం పెట్టాలని తీర్మానమైంది. ఊళ్ళో అందరికీ నచ్చింది, రావమ్మకి తప్ప. రావమ్మ రత్తయ్య గారికి మరదలు. ఒక గేదె, ఒక నోరు ఆవిడ ఆస్తి. లంక మొత్తానికీ ఎత్తయిన చోటు ఆ దిబ్బ ఒక్కటే. కృష్ణ పొంగితే మనుషులూ గొడ్లూ ఎక్కేది దాని మీదికే. అందుకని కిరీటి గారు కారు దిగీదిగగానే పట్టుకుంది.

"ఒరే కిరీటీ, దిబ్బ మీద బొమ్మ పెడితే వరదొచ్చినప్పుడు నేనెక్కడికి ఎక్కాల్రా? నా గేదె ఎక్కడికి ఎక్కాల?"

"ఇంక వరద రాదు పిన్నీ. లంక చుట్టూ గట్టు వెయ్యడానికి ఫైలు పెట్టించాను."

"ఆ ఫైలు ఎంతెత్తుందిరా?"

కిరీటి గారు నవ్వారు. ఆ నవ్వులో దూరదృష్టి ఉంటుంది. దగ్గరున్నవాళ్ళకి కనపడదు.

విగ్రహం పని మొదలుపెట్టగానే శిల్పి జోయెల్‌కి ఒక ధర్మసందేహం వచ్చింది.

"పంచె చేతిలో ఊపుతున్నారు కదండీ, మరి నడుముకి ఏం పెట్టమంటారు?"

దీని మీద కమిటీ కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. గోచీయే చారిత్రక సత్యమని ఒక వర్గం. గోచీలో ఉన్నాయన కొడుక్కి ఏ పార్టీ అయినా టికెట్టిస్తుందా అని ఇంకో వర్గం. చివరికి కిరీటి గారే తేల్చారు: రత్తయ్య గారు ఒక పంచె కట్టుకుని, రెండో పంచె ఊపారు.

రావమ్మ విని నోరు నొక్కుకుంది. "మీ నాన్నకి రెండో పంచె ఎక్కడిదిరా? ఉన్న ఒక్కటీ తడిసి ముద్దయితే, ఆరేసుకోను కొమ్మయినా లేక, రెండు చేతుల్తో ఎత్తి గాలికి పట్టుకున్నాడు. 'ఇటు చూడమాకే' అని నన్ను తిట్టాడు కూడాను!"

"చరిత్రలో బట్టలు పెరుగుతాయి పిన్నీ," అన్నారు కిరీటి గారు ఓర్పుగా.

రత్తయ్య గారొక్కరే ఊపితే మిగతా వీధులవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని, వీధికొకరు చొప్పున వెనకాల ఇంకో అయిదు విగ్రహాలు శాంక్షన్ చేశారు. అందరి చేతుల్లోనూ తెల్లగుడ్డలే. "మరి నా గేదె వాళ్ళ అమ్మమ్మ కూడా ఆ రోజు దిబ్బ మీదే ఉందిగా, దాన్నొదిలేశారేం?" అంది రావమ్మ ఎకసెక్కంగా. వారం తిరక్కుండా ఫైబర్ గేదె వచ్చింది. ప్రజల సూచనని ఇంత వేగంగా అమలు చేసిన నాయకుణ్ణి నా జన్మలో చూడలేదు.

విగ్రహాలకి రక్షణ ఉండాలి కాబట్టి చుట్టూ గ్రిల్లు, గ్రిల్లుకి గేటు, గేటుకి తాళం.

"ఆ తాళంచెవి నా దగ్గర పడెయ్యరా, నీకు పుణ్యముంటుంది."

"ప్రోటోకాల్ ఒప్పుకోదు పిన్నీ. ఆఫీసులో మా పీఏ శ్రీదుర్గ దగ్గరుంటుంది. ఒక్క ఫోన్ కొట్టు, చాలు."

ఆవిష్కరణకి సాక్షాత్తూ ఆ రోజు విమానం నడిపిన వింగ్ కమాండర్ విఠల్ గారే వచ్చారు. రిటైరై చాలా కాలమైంది. నిజాలు చెప్పే వయసు. మైకు అందుకున్నారు.

"ఆ రోజు మేం మూటలు వెయ్యాల్సింది పక్కనున్న చిలకలంకకండీ. తెల్లగుడ్డ గుర్తు పెడతామన్నారు. ఇక్కడ తెల్లగుడ్డ కనపడింది, ఇక్కడ వేసేశాం. మొన్న ఇన్విటేషన్ చూసేదాకా ఈ ఊరి పేరే నాకు తెలీదు."

మొదట్లో నేనొక మాటన్నాను, మా ఊరు తెలియని పైలట్ లేడని. వెనక్కి తీసుకుంటున్నాను. నాకేం కష్టం లేదు, ఊరికే అన్నదే కదా.

వెనక వరసలోంచి చిలకలంక మాజీ సర్పంచ్ సొలొమోను గారు లేచారు. "అయితే ఆ అటుకులు మావన్నమాట! ఇన్నేళ్ళకైనా అరిగాయా రావమ్మ గారూ?"

"నిన్న రాత్రే అరిగాయండీ. మీ బెల్లం మాత్రం బహు బాగుంది," అంది రావమ్మ.

సభ గొల్లుమంది. కిరీటి గారు కూడా నవ్వి, ఆ ముక్క వీడియోలో కోసెయ్యమని కెమెరావాళ్ళకి సైగ చేశారు.

విఠల్ గారు విగ్రహాల్ని తేరిపార చూసి గడ్డం గోక్కున్నారు. "పైనుంచి చూస్తే అచ్చం మనుషుల్లా ఉంటాయండీ ఇవి. మా స్క్వాడ్రన్‌లో ఇప్పుడు హెలికాప్టర్లు నడిపేది కుర్రాళ్ళు, పొరపడతారు. చరిత్ర పుస్తకంలో ఒక నోట్ వేయిస్తాను: గువ్వలలంక దిబ్బ మీద గుడ్డలు ఊపుతూ కనపడేవి విగ్రహాలు, అక్కడ ఏమీ దింపవద్దు అని."

కిరీటి గారి కళ్ళు చెమర్చాయి. "చూశావా పిన్నీ? ఇక ప్రతి పైలటూ నాన్న గురించి చదవాల్సిందే."

శ్రావణమాసంలో కృష్ణకి వరదొచ్చింది. నీళ్ళు ఫైలుకన్నా ఎత్తుగా వచ్చాయి.

రావమ్మ గేదెని విప్పుకుని గేటు దగ్గర నిలబడి ఫోన్ కొట్టింది. ఊరంతా ఆవిడ వెనకే నిలబడింది.

"శ్రీదుర్గమ్మా, తాళంచెవి పంపించు తల్లీ. గేదెకి పొట్టదాకా వచ్చాయి నీళ్ళు."

"సార్ వరద మీద రివ్యూలో ఉన్నారండీ. బయటికి రాగానే చెప్తాను."

"ఆయన బయటికొచ్చేసరికి నేను లోపలికి పోతాను," అని ఫోన్ రొంటిన దోపి, మూటలోంచి పచ్చడిబండ తీసి, ప్రోటోకాల్‌ని నాలుగు దెబ్బల్లో విరగ్గొట్టింది.

దిబ్బ ఎక్కారు గానీ, విగ్రహాలు పోగా మిగిలిన చోటు ఎంతని? రత్తయ్య గారి మోకాలికీ ఇంకో విగ్రహం మోచేతికీ మధ్య మనుషులు ఇరుక్కున్నారు. రావమ్మ గేదె ఫైబర్ గేదెని ఒకసారి వాసన చూసి, మొహం తిప్పుకుని నిలబడింది.

మధ్యాహ్నానికి హెలికాప్టర్ వచ్చింది. మగవాళ్ళు పంచెలు ఎత్తారు, తువ్వాళ్ళు ఎత్తారు. ఎత్తిన చెయ్యి దించడానికి కూడా చోటు లేదేమో, అందరూ అలాగే బిగుసుకుని నిలబడ్డారు. హెలికాప్టర్ బాగా కిందికి దిగింది. దిబ్బ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. తలుపు దగ్గరున్న కుర్రాడు నిటారుగా నిలబడి, చక్కగా ఒక సెల్యూట్ కొట్టాడు. ఆ తర్వాత చిలకలంక మీదికి వెళ్ళి, మూటలన్నీ అక్కడ దింపి వెళ్ళిపోయింది.

"దణ్ణం పెట్టి పోతాడేంటే ఆ పిల్లాడు!" అంది పక్కనున్న సంపూర్ణమ్మ.

"పుస్తకం చదువుకున్నట్టున్నాడులే," అంది రావమ్మ.

ఆ సెల్యూట్‌ని చిలకలంకలో ఎవరో ఫోన్లో తీశారు. చీకటి పడకముందే 'రత్తయ్య గారికి గగన వందనం' అని కిరీటి గారి ఆఫీసు నుంచి ప్రకటన వచ్చింది.

పొద్దువాలే వేళకి దిబ్బ దగ్గరికి పడవ వచ్చింది. అందులో, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, ఒక చేత్తో తాళంచెవి, ఇంకో చేత్తో అటుకుల మూట పట్టుకుని కిరీటి గారు నిలబడి ఉన్నారు. పడవ ఆగకముందే దూకి, మూట రావమ్మ ఒళ్ళో పెట్టారు. "ముందు నువ్వు తిను. బెల్లం కూడా ఉంది," అన్నారు.

నేను చెప్పేదాన్లో కల్పన ఎంత అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇందులో ఒక్కటేనండీ. పడవ వచ్చిన మాట నిజం. మూటలు చిలకలంక వాళ్ళవి, గెడ వేసింది సొలొమోను గారు, బెల్లం కూడా ఉందన్నదీ ఆయనే. కిరీటి గారిని ఆ పడవెక్కించింది మాత్రం నేను.