మట్టికెక్కిన మందు

జామ్ తయారుచేసే ఆయన ఆ రోజే తోట చూడటానికి వస్తున్నాడు. ఆయన సరే అంటే స్ట్రాబెర్రీ పంటంతా అమ్ముడైనట్టే, కాదంటే అత్తవారి పొలంలో తోట వేసిన అల్లుడి పరువు మట్టిలో కలిసినట్టే. మొక్కలు ఏపుగా ఉన్నాయి, కాయలే లేవు. కాయ రాకపోతే ఇంకాస్త ఎరువు పెట్టడం తప్ప అల్లుడికి మరో విద్య తెలియదు. పొద్దున్నే ఆ పని ముగిద్దామని, ఫోను ఇంట్లో వదిలేసి తోటలోకి వెళ్లాడు.

ఫోను మోగింది. అత్తగారు తీశారు. అవతల మట్టి పరీక్షల అధికారి. తానెవరో చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

"పరీక్షల రిపోర్టు వచ్చిందమ్మా. మీ అల్లుడికి మీరైనా చెప్పండి. మందు మరీ ఎక్కువైపోయింది."

అత్తగారు కుర్చీ కోసం తడుముకున్నారు. "నీళ్లలో కలిపేనా, బాబూ?"

"నీళ్లలో కలిపేనండీ. అయినా లోపలంతా పేరుకుపోయింది. ఈ సీజనంతా మాన్పించండి."

బంగారంలాంటి అల్లుడని ఊరంతా చెప్పుకున్న మనిషి! తాగేది తోట షెడ్డులోనే అయ్యుంటుందని ఆవిడ దాని తాళాలు కొంగున ముడేసుకుని కూతుర్ని కేకేశారు. ఇంతలో అల్లుడే వచ్చాడు.

"అత్తయ్యా, షెడ్డు తాళాలేవి? ఆయన వచ్చేలోపు మందు వేసేయాలి."

"ఎంతేస్తారేంటి?" అంది భార్య, ఏడుపు గొంతుతో.

"ఎప్పుడూ వేసేదే. ఒక బస్తా."

బస్తా అనేసరికి అత్తగారికి కళ్లు తిరిగాయి. "ఎవరు నేర్పారు నాయనా నీకు?"

"ఇంకెవరు, మావయ్యే."

పక్కగదిలోంచి మావగారు గట్టిగా దగ్గారు. ఆ దగ్గు సంగతి తేల్చేలోపే జామ్ ఆయన గుమ్మంలోకి వచ్చేశాడు. అత్తగారు అందరికంటే ముందు అడ్డం వెళ్లారు.

"దాచడం మాకు చేతకాదండీ. మా అల్లుడు మందు ఎక్కువ వేస్తున్నాడు. ఇవాళ్టితో మానేస్తాడు. నాదీ పూచీ."

అల్లుడు బేరం పోయిందనే అనుకున్నాడు.

"అమ్మయ్య!" అన్నాడు జామ్ ఆయన. "ఆ మాట ఎలా చెప్పాలా అని దారంతా మథనపడుతూ వచ్చాను. నిరుడు మీ పండ్లు చూడ్డానికి గుప్పెడంత, ఉడికిస్తే అన్నీ నీళ్లే. ఎరువు తగ్గించండి, పంటంతా నేనే తీసుకుంటాను."

"ఎరువా?" అన్నారు అత్తగారు.

అధికారికి మళ్లీ ఫోను చేస్తే గానీ విషయం తేలలేదు. మట్టిలో నత్రజని ఎక్కువై మొక్కలు ఆకుల మీదే పడ్డాయట, కాయకు కావలసిన మిగతా పోషకాలను సరిగా అందుకోవడం లేదట. ఇల్లంతా నవ్వులే నవ్వులు. అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. మిగిలిన బస్తాలు కొట్టువాడికి తిరిగిచ్చేద్దామని అత్తగారే సంబరంగా షెడ్డు తెరిచి ఒక బస్తా పక్కకి జరిపారు. దాని వెనక సగం ఖాళీ అయిన సీసా ఒకటి ఉంది.

"అదీ మొక్కలకే," అన్నారు మావగారు.

ఆ సీజన్‌లో మందు మానింది తోట ఒక్కటే కాదు.