సూరప్ప నెత్తిన పదకొండు కేసులు

ఒక పెద్ద అడవిలో, ఠాణా, కోర్టు అన్నీ సక్రమంగా ఉన్న అడవిలోనే లెండి, సూరప్ప అనే ఏదుపంది కాపురం ఉండేవాడు. చీకటి పడ్డాక దుంపలు తవ్వుకోవడం, పగలంతా బొరియలో ముడుచుకుని గుర్రుపెట్టడం, ఇంతే వాడి బతుకు. ఎవరి జోలికీ పోయేవాడు కాదు.

అలాంటివాణ్ణి ఒక సాయంత్రం ఠాణా జవాన్లు నిద్ర లేపి ఈడ్చుకుపోయారు. సింహరాజు గారి చిలగడదుంపల మడిని ఎవరో నాశనం చేశారట. మడిలో ఒక ముల్లు దొరికిందట. సింహం దుంపలు తింటుందా అని అడక్కండి. రాజుగారి మడి అంటే రాజుగారి మడే.

నిజానికి ఆ పని చేసింది అడవిపందుల మంద అని అడవిలో చీమక్కూడా తెలుసు. కానీ అవి మంత్రిగారి బావమరుదులు. ముల్లంటారా, సూరప్ప నడిచిన చోటల్లా ఒకటో రెండో రాలుతూనే ఉంటాయి.

ఠాణాకి పెద్ద, జంబుకరావు అనే నక్క. దసరా లోపల అడవిలో తేలని కేసు ఒక్కటీ ఉండదని రాజుగారి ముందు మీసం మెలేసి వచ్చాడు. అందుకని సూరప్ప దొరకగానే, ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న ఫిర్యాదులన్నీ దుమ్ము దులిపి తీశాడు. దుంపలదీ కలిపి మొత్తం పదకొండు తేలాయి.

"ఒకటి ఒప్పుకున్నా ముళ్ళు పీకి ఏటి అవతలికి తోలడమే, పదకొండు ఒప్పుకున్నా అంతే. నీకేం పోయిందిరా సూరప్పా? పుణ్యముంటుంది, ఒప్పేసుకో," అన్నాడు ఎంతో ఆప్యాయంగా.

సూరప్పకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఏటి అవతల చిరుతలుంటాయి. ముళ్ళు లేని ఏదుపంది కనబడితే వాటికి పండగే.

"నేను చెయ్యలేదు బాబయ్యా!"

"సరే, నీకు మౌనంగా ఉండే హక్కుంది. చట్టం చెప్పమంది, చెప్పాను."

"అయితే మాట్లాడనండి."

"ఏ తప్పూ చెయ్యనివాడు ఎందుకు మాట్లాడడు? రాసుకోండి."

"అయ్యో, అయితే చెప్తానండి!"

"ఇప్పుడు మాట మారుస్తున్నాడు. అదీ రాసుకోండి," అన్నాడు జంబుకరావు.

మర్నాడు సూరప్ప పెళ్ళాం కొండమ్మ ఒక ప్లీడరుని వెంటబెట్టుకొచ్చింది. ఎవరా అని చూస్తే, తాబేలు కూర్మయ్య. సూరప్ప నీరుగారిపోయాడు.

"ఇంకెవరూ దొరకలేదుటే?"

"మిగతా ప్లీడర్లంతా మంత్రిగారింట భోజనాలకెళ్ళారయ్యా. ఈయన ఇంకా దారిలోనే ఉంటే పట్టుకొచ్చాను."

కూర్మయ్య మెడ బయటపెట్టి గొంతు సవరించుకున్నాడు. "చూడు నాయనా, కోర్టులో బయటపడటానికి దారులు కొన్నున్నాయి. ఆత్మరక్షణ కోసం చేశానని చెబుతావా?"

"చిలగడదుంప నా మీద కలబడిందని చెప్పమంటారా?"

"పోనీ, మతిస్థిమితం లేక చేశానంటే?"

"దానికి సాక్ష్యం నేను చెప్తానండీ," అంది కొండమ్మ.

"ఉండమ్మా. ఆ వేళకి నేనక్కడ లేనని చెప్పొచ్చు. నేరం సోమవారం మిట్టమధ్యాహ్నం జరిగిందట. అప్పుడెక్కడున్నావ్?"

"నిద్రపోతున్నానండి."

"చూసినవాళ్ళెవరు?"

"నిద్రపోతూ ఎవర్ని చూస్తానండీ!"

"నువ్వు చూడటం కాదయ్యా, నిన్ను చూసినవాళ్ళు!"

"నేనూ నిద్రలోనే ఉన్నాను," అంది కొండమ్మ బిక్కమొహం వేసి.

కూర్మయ్య నిట్టూర్చాడు. "అయితే ఇక ఒక్కటే ఉంది. నీ మీద మోపిన నేరమేమిటో పూర్తిగా తెలుసుకునే హక్కు నీకుంది. పదకొండు కాగితాలూ మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించమంటాను. చదివినంతసేపూ నువ్వు నోరెత్తకు."

"అలా చదివిస్తే ఏమవుతుందండీ?"

"ఆలస్యమవుతుంది. నాకొచ్చిన విద్య అదొక్కటే."

కోర్టు నిండా జనం. ఏనుగు జడ్జిగారు కుర్చీలో కునికిపాట్లు పడుతున్నారు. జంబుకరావు లేచి, "ప్రభూ, తమకి శ్రమ లేకుండా పదకొండు కేసులూ ఒకే మూట కట్టాను. ఒక్క తీర్పు చెబితే అన్నిటికీ సరిపోతుంది. చదవడం దండగ," అన్నాడు.

"చట్టంలో ఉంది కదయ్యా, చదవనీ," అని జడ్జిగారు మళ్ళీ కళ్ళు మూశారు.

గుమాస్తా చిలుక అందుకుంది. "సోమవారం మిట్టమధ్యాహ్నం, తూర్పు కొండ కింద, సూరప్ప రాజుగారి దుంపలు తవ్వుతుండగా జంబుకరావు గారు స్వయంగా చూశారు."

రెండో కాగితం తీసింది. "సోమవారం మిట్టమధ్యాహ్నం, పడమటి వాగు ఒడ్డున, సూరప్ప కొంగమ్మ ఎండబెట్టుకున్న చేపలు ఎత్తుకుపోతుండగా జంబుకరావు గారు స్వయంగా చూశారు."

మూడోది. "సోమవారం మిట్టమధ్యాహ్నం, చింతచెట్టు చిటారుకొమ్మన, సూరప్ప ఎలుగుబంటి గారి తేనెపట్టు పిండుతుండగా..."

అసలు సంగతేమిటంటే, ఒక కాగితం రాసి మిగతావన్నీ దాన్ని చూసి దించెయ్యడం జంబుకరావుకి ఇరవై ఏళ్ళ అలవాటు. చోటు మారుస్తాడు, పోయిన సొమ్ము మారుస్తాడు. వారం, వేళ, సాక్షి మటుకు అలాగే ఉంటాయి. కిందటి వానాకాలంలో పోయిన చేపలు కూడా ఈ సోమవారమే పోయాయి. ఇన్నేళ్ళలో వాటిని పైకి చదవమన్న పాపాత్ముడు ఒక్కడూ లేడు.

సూరప్ప ఇక ఆగలేకపోయాడు. "దొరా, ఒక్క మనవి! నేను కొండ కిందున్నానో, వాగు దగ్గరున్నానో, చిటారుకొమ్మ మీదున్నానో మీరే తేల్చండి. ఎక్కడున్నానంటే అక్కడికి ఒప్పుకుంటాను. చెట్టే గనక అయితే, ముందు ఎక్కడం ఎవరైనా నేర్పండి!"

"మాట్లాడొద్దన్నాను కదరా!" అని కూర్మయ్య తల లోపలికి లాగేసుకున్నాడు. కోర్టంతా గొల్లున నవ్వింది. ఆ గోలకి జడ్జిగారికి మెలకువ వచ్చింది. కాగితాలు దగ్గరికి లాక్కుని పదకొండూ తిరగేశారు.

"జంబుకరావూ, వీటిల్లో నువ్వు చూసినది ఏది?"

ఒకటంటే మిగతా పదీ అబద్ధం. అన్నీ అంటే తనూ పదకొండు చోట్ల ఉన్నట్టే. జంబుకరావు చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, నేను మౌనంగా ఉంటాను."

"అది నిందితుల హక్కయ్యా. నువ్వింకా నిందితుడివి కాలేదు, తొందరపడకు," అన్నారు జడ్జిగారు. "ఒకే మూట కట్టావు కనక ఒకే తీర్పు. అనుమానమున్న చోట శిక్ష లేదు, సూరప్పని విడిచిపెట్టండి. పదకొండు కేసులూ నువ్వే పట్టుకెళ్ళి దసరా లోపల మళ్ళీ తేల్చు. రేపు పొద్దున్నే నన్ను ఆ దుంపల మడి దగ్గరికి తీసుకెళ్ళు. అక్కడ గిట్టల జాడలున్నాయని విన్నాను."

మంత్రిగారి బావమరుదులు గుర్తొచ్చి జంబుకరావు మీసం కిందికి వాలిపోయింది.

ఇంటిదారిలో సూరప్ప తన ముళ్ళు ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. కొండమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది. వెనక ఎక్కడో కూర్మయ్య నడిచి వస్తున్నాడు. ఆయన వచ్చి కలిసేదాకా ఆగి, సూరప్ప మెల్లిగా అడిగాడు.

"అయ్యా, ఆ దుంపల కేసు ఒక్కటే రాసి ఉంటే?"

కూర్మయ్య మెడ సాచి ఏటి వైపు చూశాడు.

"ఈపాటికి ఏరు దాటించేసి ఉండేవాళ్ళు నాయనా."

నీతి: ఏ పాపమూ ఎరగనివాడు కోర్టులో బతికి బయటపడాలంటే ఒక్క కేసు చాలదు, పదకొండైనా ఉండాలి.